సత్తయ్య తలూపాడు, నేను రాసుకున్నాను

పదవీ విరమణ రోజున నాకు శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి, "సరళా సిస్టర్ మా ఆసుపత్రికి దేవత" అని ముగ్గురు ప్రసంగించారు. వాళ్ళలో ఇద్దరు నేను సెలవు అడిగినప్పుడల్లా మొహం మాడ్చుకున్నవాళ్ళే. మూడో ఆయన నా పేరు కాగితం చూసి చదివాడు. తర్వాత కొత్తగా చేరిన నర్సమ్మాయిలు చుట్టూ చేరి "సిస్టర్, మాకేమైనా చెప్పండి" అన్నారు. చెప్పాల్సినవి మైకు ముందు చెప్పేవి కావు. అందుకని ఆరోజు లడ్డూ తిని ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు తీరిక దొరికింది, రాస్తున్నాను.

ఉద్యోగం అంటే ఇది

సూరత్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి. అందులో డే కేర్ వార్డు. రోగులు పొద్దున్నే వచ్చి, కుర్చీలో నాలుగైదు గంటలు కూర్చుని, సీసాలు ఎక్కించుకుని, సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఇరవై రెండు కుర్చీలు, ఒక టీవీ, ఎప్పుడూ పని చేయని ఒక నీళ్ళ యంత్రం. మా ఆయనకు హజీరాలో ఎరువుల కంపెనీలో ఉద్యోగం. ఆయన వెనక నేను ఈ ఊరికి వచ్చాను, వచ్చినదాన్ని ఈ వార్డులో పడ్డాను, ముప్పై ఏళ్ళకు బయటపడ్డాను. దేవతల పని ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా పని మాత్రం కుళాయిలు బాగుచేసేవాడి పనికి దగ్గరగా ఉండేది. ఎక్కడ కారుతోంది, ఎక్కడ అడ్డుపడింది, ఎక్కడ ఉబ్బింది, ఇదే రోజంతా.

దీనికి తోడు మరో పని అంటగట్టారు. నాకు తెలుగు వచ్చు. కతర్‌గామ్ నుంచి వచ్చే వజ్రాల పనివాళ్ళతో గుజరాతీ నర్సులు మాట్లాడేవారు. వడోద్ నుంచి వచ్చే మరమగ్గాల పనివాళ్ళలో చాలామంది తెలంగాణ పద్మశాలీలు. వాళ్ళలో ఒక్కరు గుమ్మంలో కనబడితే చాలు, "సరళా బహెన్‌ను పిలవండి" అని కేకలు. నాది కృష్ణా జిల్లా తెలుగు, వాళ్ళది కరీంనగర్ తెలుగు. మొదటి ఏడాది ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైంది. ఆ సంగతి గుజరాతీ డాక్టర్లకు చెప్పి ప్రయోజనం లేదు. వాళ్ళ లెక్కలో దక్షిణం నుంచి వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే ఇడ్లీ, ఒకటే భాష.

రెండు రకాల మందు

పేగు క్యాన్సర్ ముదిరి కాలేయానికో ఊపిరితిత్తులకో పాకినవాళ్ళకు మేం రెండు రకాల మందులు కలిపి ఇచ్చేవాళ్ళం. ఒకటి పాత కీమో. వీధిలో ఒక్క దొంగ ఉన్నాడని వీధి మొత్తాన్ని లాఠీతో బాదే పోలీసు అది. దొంగకూ తగులుతుంది, పాలవాడికీ తగులుతుంది. జుట్టు, నోరు, కడుపు, వేళ్ళ చివర్లు అన్నీ దెబ్బతింటాయి. రెండోది టార్గెటెడ్ మందు. అది గడ్డ మీద ఉన్న ఒక్క తలుపే తట్టి, పెరగమని లోపలికి వెళ్ళే కబురును ఆపుతుంది. ఇంకో రకం గడ్డకు రక్తం అందకుండా చేస్తుంది. రక్తం ఆపే మందుతో గాయాలు మానవు, బీపీ ఎగబాకుతుంది, ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే దాన్ని మానేయాలి. తలుపు తట్టే మందుతో మొహం మీదా ఛాతీ మీదా పొక్కులు వస్తాయి. మీరు పరీక్షలో రాయడానికి ఇంతకంటే పెద్ద వాక్యాలు పుస్తకంలో ఉన్నాయి, అవి అక్కడ చదువుకోండి.

ఒక షరతు మాత్రం మరిచిపోవద్దు. తలుపు తట్టే మందు అందరికీ పనికిరాదు. కొందరి గడ్డల్లో ఒక జన్యువు చెడిపోయి, తలుపు మూసినా లోపల గోల ఆగదు. అలాంటివాళ్ళకు ఆ మందు ఇస్తే పొక్కులు మిగులుతాయి, మేలు ఉండదు. కొన్ని కీమోలతో కలిపి ఇస్తే కీడు కూడా జరగవచ్చు. అందుకని గడ్డ ముక్కను పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చాక ఆ మందు కలపాలి. ఈలోగా ఒట్టి కీమో మొదలుపెట్టుకోవచ్చు.

ఈ షరతు హజీరా ఇంజనీర్లకు రుచించేది కాదు. మన ఆంధ్రా ఇంజనీరు ఒకాయన రంగురంగుల చీటీలు అంటించిన ఫైలుతో వచ్చేవాడు. ఆయన రిపోర్టులో ఆ మందు పనికిరాదని స్పష్టంగా ఉంది. "మేడమ్, డబ్బు నేను పెట్టుకుంటానంటే మీకేమిటి బాధ? కొత్త మందు కదా, ఎంతో కొంత పనిచేయకపోతుందా?" అని నన్ను వచ్చిన ప్రతిసారీ నిలదీసేవాడు. బాయిలర్‌లో మీకు తోచిన గ్యాసు పోస్తారా అని అడిగాను. తర్వాత రెండుసార్లు వచ్చినా నాతో మాట్లాడలేదు, ఆ రెండు రోజులూ వార్డు ప్రశాంతంగా ఉంది.

ఇక మా వార్డు తెలివి చెప్తాను వినండి. ఒక కీమో మందు ఎక్కించాక చల్లటి వస్తువు తాకితే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లటి నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. సరిగ్గా ఆ మందు ఎక్కే వేళకు ఒక సేవా మండలి వాళ్ళు వచ్చి, ఐసు పెట్టెలోంచి తీసిన మజ్జిగ ప్యాకెట్లు రోగుల చేతుల్లో పెట్టి ఫొటోలు తీయించుకునేవాళ్ళు. రోగి కెవ్వుమనేవాడు. ఫొటోలో అది ఆనందబాష్పాల్లా వచ్చేది. ఆపమని నేను చెప్తే, దాతల మనసు నొప్పించకూడదని ఆఫీసు నుంచి నాకే కాగితం వచ్చింది.

మోటా సాహెబ్

మా పెద్ద డాక్టరును వార్డంతా మోటా సాహెబ్ అనేది. పెద్దయ్యగారు అని అర్థం. చేయి మంచిది, చదువు గొప్పది, ఓపిక మాత్రం ఆవగింజంత. రిపోర్టు కోసం ఆగడం ఆయనకు అవమానం. "రిపోర్టు వచ్చేదాకా క్యాన్సర్ కూర్చుని టీ తాగుతుందా, బహెన్? రెండూ మొదలుపెట్టండి" అనేవాడు. అలా మొదలుపెట్టిన ఒక కతర్‌గామ్ వజ్రాల పనివాడికి నాలుగు సార్లు మందు ఎక్కాక, అది అతనికి పనికిరాదని రిపోర్టు వచ్చింది. మోటా సాహెబ్ ఆ కాగితాన్ని ఫైలు అడుగున పెట్టి, "సరే, ఆపేయండి" అన్నాడు. అతనికి ఎందుకు ఆపామో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అప్పటికి ఉద్యోగంలో నా వయసు తక్కువేమీ కాదు, నోరు ఉంది, మాట ఉంది, అయినా మింగేశాను. ఆ తప్పు ఆయనది సగం, నాది సగం.

మూడు మచ్చలు

సత్తయ్యది వడోద్. నలభై ఆరేళ్ళు. ఇరవై ఏళ్ళుగా మరమగ్గాల మీద పని. మరమగ్గాలను వాళ్ళు సాంచాలంటారు. ఎడమవైపు పేగు మూసుకుపోతే వేరే ఆసుపత్రిలో అత్యవసరంగా ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. అప్పటికే కాలేయంలో మూడు మచ్చలు తేలాయి. మూడింటిలో ఒకటి పెద్ద రక్తనాళాన్ని ఆనుకుని ఉంది. అది కాస్త చిన్నదైతే సర్జన్ మూడింటినీ కోసి తీసేస్తానన్నాడు. తీసేస్తే మనిషి దక్కే అవకాశం ఉంది. చిన్నది కాకపోతే మందులతో నెట్టుకురావడమే, అది ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు. మా దగ్గరికి వచ్చే ముదిరిన పేగు క్యాన్సర్లలో ఇలాంటి దారి తెరిచి ఉన్నవాళ్ళు తక్కువ.

ఆయన వెంట భార్య రాజవ్వ వచ్చేది. ఇంట్లో కండెలు చుట్టే పని ఆమెది. వార్డులోకి రోగిని మాత్రమే రానిస్తారు కనుక ఆమె బయట మెట్ల మీద కూర్చునేది.

మోటా సాహెబ్ ఎప్పటిలాగే రిపోర్టు కోసం ఆగలేదు. కీమో, టార్గెటెడ్ మందు రెండూ ఒకేసారి రాశాడు. కుర్చీ పక్కన నిలబడి, హిందీలో రెండు నిమిషాలు చెప్పి, అర్థమైందా అన్నట్టు గుజరాతీలో "సమజ్ పడీ?" అని అడిగాడు. సత్తయ్య గంగిరెద్దులా తలూపాడు. తర్వాత నేను తెలుగులో చెప్పాను. రెండు వారాలకోసారి రావాలి, చల్లనివి ముట్టుకోవద్దు, మొహం మీద పొక్కులు వస్తాయి, భయపడొద్దు, వాటికి ఈ మాత్రలు, ఈ పూత. దానికీ తలూపాడు. అంగీకార పత్రం మీద సంతకం చేశాడు. "రోగికి అతని భాషలో వివరించడమైనది, అర్థమైనట్టు తెలిపెను" అని నేను రాసుకున్నాను.

ఆ రోజుల్లోనే మాకొక శిక్షణ జరిగింది. ముంబయి నుంచి టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, రోగులతో మెత్తగా, మంద్రంగా మాట్లాడాలని, గొంతు ఎత్తకూడదని, కళ్ళతో నవ్వాలని రెండు రోజులు నేర్పాడు. మాస్కు ఉంటుంది కనుక కళ్ళతో నవ్వడం ముఖ్యమట. మందు సీసాలు ముట్టుకునేటప్పుడు మాకు మాస్కు తప్పదు. మేమంతా అద్దం ముందు నిలబడి కళ్ళతో నవ్వడం సాధన చేశాం. నాకు ఆ శిక్షణలో మొదటి బహుమతి వచ్చింది. నేను సత్తయ్యతో మాట్లాడింది ఆ బహుమతి గొంతుతోనే.

రెండుసార్లు మందు ఎక్కింది. మూడోసారికి సత్తయ్య రాలేదు.

వడోద్‌లో వేపాకులు

అదే రోజు ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. సత్తయ్య గడ్డలో జన్యువు బాగానే ఉంది, ఆ మందు అతనికి అన్నివిధాలా సరిపోతుంది. మోటా సాహెబ్ ఆ కాగితం పట్టుకుని వార్డంతా ఊరేగాడు. "చూశారా? నేను చెప్పలేదా?" అని కనబడినవాడినల్లా అడిగాడు. కతర్‌గామ్ మనిషి రిపోర్టు వచ్చినప్పుడు ఈ ఊరేగింపు లేదు. మందు సరైనది, మనిషి మాత్రం కుర్చీలో లేడని నేను గుర్తుచేశాను.

"ఏ బాబా దగ్గరికో పోయుంటాడు. వీళ్ళింతే. కుర్చీ ఇంకొకరికి ఇవ్వండి" అన్నాడు.

సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకూ అదే అనిపించింది. ఊరికి పోయి, ఏ ఆకు పసరో తాగుతున్నాడనుకున్నాను. ఫోన్ చేస్తే రాజవ్వ ఎత్తింది. "తల్లి వచ్చింది సిస్టరమ్మా, ఇప్పుడు రారు" అని పెట్టేసింది. తల్లి అంటే సత్తయ్య తల్లి ఊరి నుంచి వచ్చిందనుకోవడానికి వీల్లేదు, ఆమె పోయి చాలా ఏళ్ళయిందని ఫైల్లోనే ఉంది. అమ్మవారు పోసిందంటోందని అప్పుడే తెలిసింది. మశూచి పోయినా, ఒంటి మీద పొక్కులు లేస్తే మన ఇళ్ళలో ఇంకా అమ్మవారే.

నాలుగు రోజులు నేనేం చేయలేదు. ఎదురుచూశాను అని రాస్తే మర్యాదగా ఉంటుంది కానీ అసలు మాట బద్ధకం. ఐదో రోజు డ్యూటీ దిగాక ఆటో ఎక్కి వడోద్ పోయాను. ఇరుకు సందు, ఒకదాని మీద ఒకటి గదులు, పక్క కార్ఖానాలోంచి సాంచాల చప్పుడు గోడల్లో దడదడలాడుతోంది. సత్తయ్య గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. రాజవ్వ గడపకు అడ్డంగా నిలబడింది.

"చెప్పులు గాడనే ఇడువుండ్రి సిస్టరమ్మా. లోపలికి మాత్రం రావొద్దు. తల్లి ఉన్నది."

"ఎన్నాళ్ళయింది?"

"పోయిన బేస్తారం సంది. మొకం నిండ, రొమ్ము నిండ పోసింది. యాపాకుల మీద పండవెట్టిన. ఇంట్ల తాలింపు గిట్ల ఏం పెడ్తలేను. మూడు నీళ్ళు పోసేదాంక గడప దాటనియ్య."

"మాత్రలు ఇచ్చాం కదా, వేశావా?"

"తల్లి ఉన్నప్పుడు మందు ఎట్ల ఏస్త? గూట్ల పెట్టిన."

నాకు కోపం నషాళానికి అంటింది. "రాజవ్వా, ఇది తల్లి కాదు, మందు! ఈ మందుకు పొక్కులు వస్తాయని మొదటి రోజే చెప్పాను కదా!"

"ఎవలికి చెప్పిన్రు?"

"మీ ఆయనకే. తలూపాడు కూడా."

రాజవ్వ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చిన్నపిల్ల తప్పు లెక్క చేసినప్పుడు పంతులమ్మ చూసే చూపు అది.

"ఆయనకు చెవులు ఇనబడయి సిస్టరమ్మా. ఇరవై ఏండ్లాయె సాంచాల మీద. గీ గల్లిల ఎవలికి ఇనబడతయి చెప్పుండ్రి? పెదవులు జూసి సమజ్ చేసుకుంటరు. మీరేమో మూతికి బట్ట కట్టుకుంటిరి."

"మరి తల ఎందుకు ఊపాడు?"

"పెద్దోళ్ళు మాట్లాడుతాంటె తల ఊపకుంటె ఏమనుకుంటరు?"

ఆ వార్డులో అప్పటికి నా చేతుల మీదుగా పోయిన మగ్గం మనుషులు ఎంతమందో లెక్క లేదు. అందరికీ మాస్కు చాటు నుంచి మెత్తగా జాగ్రత్తలు చెప్పాను. అందరూ వినయంగా తలూపారు. "అర్థమైనట్టు తెలిపెను" అని అందరి కాగితాల మీదా రాశాను. మగ్గం మనుషులు చెప్పిన మాట వినరని క్యాంటీన్‌లో నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. నిజంగానే వినలేదు పాపం.

మాస్కు అప్పుడు నా మొహం మీద లేదు. గడప ఇవతలి నుంచే గొంతెత్తాను. సత్తయ్య చాప మీద లేచి కూర్చుని నా పెదవులు చూశాడు. మొహమంతా ఎర్రటి చీము పొక్కులు, వాటి మీద పసుపు. పక్కన సాంచాల చప్పుడు కనుక నేను అరవక తప్పలేదు. పొక్కుల సంగతి, విరేచనాల సంగతి, నోటి పూత సంగతి సందు మొత్తానికి వినబడేలా అరిచాను. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పోగయ్యారు. ముంబయి కుర్రాడు చూసి ఉంటే నా బహుమతి వెనక్కి తీసుకునేవాడు.

"తల్లి అయితె జరం రావాలె గదా?" రాజవ్వ నెమ్మదిగా అంది. "ఈయనకు ఒళ్ళు కాలుతలేదు. గా అనుమానం నాకు మొదటి దినమే వచ్చింది."

"అదే నేను చెప్పేది. తల్లి కాదు."

"గట్ల అనొద్దు." ఆమె చెంపలు వేసుకుంది. కాసేపు ఆలోచించి, తనే తేల్చింది. "ఇయ్యాల్నే నీళ్ళు పోస్త. పెరుగన్నం పెట్టి సాగదోలుత. తల్లి అయితె సల్లగ పోతది. మందు అయితె తానం చేస్తె ఏం ఫరక్ పడది. రేపు దవాఖానకు తోలుకస్త."

ముప్పై ఏళ్ళ వార్డు మీటింగుల్లో ఇంత సూటిగా ఆలోచించిన మనిషిని నేను చూడలేదు. అమ్మవారికి అవమానం లేదు, ఆసుపత్రికి ఆలస్యం లేదు. మా వాళ్ళయితే దీనికి ఒక కమిటీ వేసేవాళ్ళు.

సత్తయ్య నన్ను పిలిచాడు. "సిస్టరమ్మా, అయితె గీ పొక్కులు మంచియేనా?"

"మంచివే. మందు పట్టినట్టే లెక్క."

నవ్వబోయాడు, చర్మం చిట్లి అమ్మా అన్నాడు. "మచ్చలు చిన్నగైతె మల్ల సాంచాల మీదికి పోవచ్చా? సేటు నా జాగ అట్లనే ఉంచిండు."

"పోవచ్చు. కానీ ఇకమీద ఒక్కసారి కూడా మందు తప్పకూడదు. తప్పితే మచ్చలు పెరుగుతాయి, ఆపరేషన్ ఉండదు, ఏమీ ఉండదు. తెలిసిందా?" ఈ మాట మూడుసార్లు అరిచాను. ఈసారి అతను తలూపలేదు. నా మాటను మాటగా తిరిగి చెప్పాడు. "ఒక్కసారి గూడ తప్పొద్దు. తప్పితె ఆపరేషన్ లేదు."

విజయగర్వంతో ఇంటికి వచ్చి, మా ఆయనకు రెండుసార్లు ఆ కథ చెప్పి, అన్నం తిన్నాను.

అందమైన స్కాను

మరునాడు సత్తయ్య వచ్చాడు. ఆ రోజు నుంచి నేను పద్ధతి మార్చాను. మందు సీసా ముట్టుకోకముందే మాస్కు దించి, కుర్చీకి ఎదురుగా నిలబడి, గొంతెత్తి చెప్పేదాన్ని. చెప్పింది తిరిగి చెప్పించుకునేదాన్ని. ఇంటిని నడిపే మనిషిని మెట్ల మీద నుంచి లోపలికి పిలిపించేదాన్ని. వార్డు చేపల బజారులా ఉందని టీవీ కింద కూర్చునే హజీరా ఇంజనీరు ఫిర్యాదు రాశాడు. మీకు అన్నీ వినబడతాయి, మీరు దేనికీ ఒప్పుకోరు, వాళ్ళు అన్నిటికీ ఒప్పుకుంటారు, వాళ్ళకేమీ వినబడదు, నేనేం చేయను అని ఆయనకు బదులిచ్చాను. దానికీ ఒక కాగితం వచ్చింది.

సత్తయ్య ఒక్కసారి కూడా తప్పలేదు. వానలకు ఖాడీ వాగు పొంగి వడోద్ సందుల్లో మోకాలి లోతు నీళ్ళున్న రోజున కూడా ప్యాంటు మడిచి వచ్చాడు. ప్రతిసారీ అవే ప్రశ్నలు అడిగేదాన్ని. విరేచనాలు? కొద్దిగా. నోటి పూత? తగ్గింది. వేళ్ళకు తిమ్మిర్లు? "లేవు సిస్టరమ్మా, మంచిగున్నయి." జవాబు గట్టిగా, చకచకా వచ్చేది. నా కొత్త పద్ధతికి నేనే మురిసిపోయాను. కొత్త నర్సులను పిలిచి, "చూడండి, రోగితో ఇలా మాట్లాడాలి" అని సత్తయ్య కుర్చీ పక్కన నిలబెట్టి చూపించేదాన్ని.

మచ్చలు చిన్నవయ్యాయి. రక్తనాళానికి ఆనుకున్నది బాగా వెనక్కి తగ్గింది. సర్జన్ మాట నిలబెట్టుకున్నాడు, మూడింటినీ తీసేశాడు. ఆపరేషన్ తర్వాత మిగిలిన కీమో కూడా పూర్తయింది. అంతా కలిపి పన్నెండు సార్లు. చివరి స్కాను శుభ్రంగా వచ్చింది. ఈ మందులను నేను ఎగతాళి చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. సరైన మనిషికి సరైన మందు కలిపితే ఏం జరుగుతుందో ఈ కళ్ళతో చూశాను. ఎగతాళి అంతా దాన్ని ఇచ్చే మా మీదే.

మోటా సాహెబ్ ఆ స్కాను మీద మనసు పారేసుకున్నాడు. ముందు, తర్వాత అని రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి, పెద్ద హోటల్లో మందుల కంపెనీ భోజనం పెట్టిన సభలో తెర మీద చూపించాడు. నన్నూ తీసుకెళ్ళారు. అందరూ చప్పట్లు కొట్టారు. తెర మీద కాలేయం తప్ప ఏమీ లేదు. నేనూ చప్పట్లు కొట్టాను, పనీర్ కూడా తిన్నాను.

పోగు

వైద్యం ముగిసిన మూడు నెలలకు సత్తయ్య చూపించుకోవడానికి వచ్చాడు. మొహం నున్నబడింది, కాస్త ఒళ్ళు చేసింది. రాజవ్వ పక్కనే ఉంది. సాంచాల మీదికి పోతున్నావా అని అడిగాను.

"పోయిన. ఒక్క దినం పోయిన."

"ఏమైంది?"

సాంచా మీద పోగు తెగితే, చప్పుడు మారడం కాళ్ళ కింద నేలలోనే తెలిసిపోతుందట వాళ్ళకు. మగ్గం ఆపి, తెగిన కొస వెతికి, రెండు వేళ్ళతో మెలిపెట్టి ముడివేసి, మళ్ళీ నడిపించాలి. కళ్ళతో చూస్తూ ముడివేసేవాడు పనివాడే కాదు. ఒక్కొక్కరు చూసుకునేవి ఎన్నో సాంచాలు, అంత తీరిక ఉండదు. ఇదంతా సత్తయ్య చెప్పి, చేతులు నా ముందు చాపాడు.

"పోగు చేతికి తెలుస్తలేదు సిస్టరమ్మా. పట్టుకున్ననో లేదో గూడ ఎరుక లేదు. ఒక్క దినంల ఎన్ని సాంచాలు ఆగినయో. సేటు మంచోడు, ఏమనలే. గేటు కాడ కూసోమన్నడు."

నేను వేళ్ళ చివర్లు సూదితో మెల్లగా గుచ్చాను. అతను కిటికీ వైపు చూస్తున్నాడు. గుచ్చినట్టు తెలియలేదు.

"ఎప్పటి నుంచి?"

అతని బదులు రాజవ్వ చెప్పింది. "ఆరోపారి సంది. చొక్కా గుండీలు నేనే పెడుతున్న. అన్నం ముద్ద జారిపోయేది."

ఆరోసారి చెప్పి ఉంటే, చల్లటివి తాకితే జివ్వుమనిపించి చివరికి వేళ్ళ నరాలనే మొద్దుబార్చే ఆ ఒక్క కీమో మందు తగ్గించేవాళ్ళం, లేదా దాన్ని ఆపి మిగిలినవి నడిపేవాళ్ళం. అది రోజూ చేసే పనే. టార్గెటెడ్ మందుకు దానివల్ల లోటు వచ్చేది కాదు, ఆపరేషనూ ఆగేది కాదు. ఆ సంగతి నేను అతనికి ఏనాడూ చెప్పలేదు. ఒక్కసారి కూడా తప్పకూడదని మాత్రం మూడుసార్లు అరిచాను.

మోటా సాహెబ్‌కు చెప్పాను. ఆయన కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. "స్కాను చూడండి బహెన్. ఎంత అందంగా ఉందో!" అన్నాడు. నరాల మాత్ర ఒకటి రాసి, కొందరికి కాలక్రమేణా తగ్గుతుందన్నాడు. అది అబద్ధం కాదు, కొందరికి తగ్గుతుంది. సత్తయ్యకు నేను ఉద్యోగం మానే నాటికి తగ్గలేదు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుంటున్నాడు.

పిల్లలూ, మీరు రోగిని తిమ్మిర్లున్నాయా అని అడిగి ఊరుకోవద్దు. చొక్కా గుండీ విప్పి మళ్ళీ పెట్టమనండి. నాణెం, సూది, దారం, ఏది చేతికందితే అది ఇచ్చి చూడండి. ఏ మందు తగ్గిస్తే ఏమవుతుందో, ఏది తగ్గించినా పరవాలేదో ముందే విడమరిచి చెప్పండి. నిజం చెప్తే వైద్యం ఆగిపోతుందని భయపడ్డ మనిషి మీకు నిజం చెప్పడు. నాకు ఇది తెలియడానికి ఒక మనిషి పది వేళ్ళు ఖర్చయ్యాయి.

ఆ రోజు సత్తయ్య వెళ్ళబోతుంటే ఆపి అడిగాను. "నేను ప్రతిసారీ అడిగాను కదయ్యా. నీకు వినబడింది కూడా. ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె మందు ఆపుతరని." నన్ను ఓదారుస్తున్నట్టుగా అన్నాడు. "ఇగ మంచిగున్నయంటె మీరు గూడ మస్తు ఖుష్ అయ్యేటోళ్ళు గదా సిస్టరమ్మా."

వాళ్ళు వెళ్ళాక ఫైలు తెరిచాను. ఆరోసారి నుంచి పన్నెండోసారి దాకా, తిమ్మిర్లు అన్న గడిలో, లేవు, లేవు, లేవు అని ఏడుసార్లు రాసి ఉంది. ఎక్కడా కొట్టివేత లేదు, అక్షరాలు గుండ్రంగా ముచ్చటగా ఉన్నాయి. కింద సంతకం నాదే.